ప్లేటు ఎంత వేగంతో తిరగాలి?

బొల్లారంలో ఇవాళ మనం రాష్ట్రపతి నిలయం అని పిలుచుకునే భవనాన్ని 1860లో కట్టారని అధికారిక చరిత్ర. నిజాం కాలంలో అది బ్రిటిష్ రెసిడెంటు దొరల విడిది. సరిగ్గా ఆ ఏడే, ఏప్రిల్ 9న, పారిస్‌లో ఎదువార్ లియోన్ స్కాట్ అనే అచ్చుపనివాడు పెద్ద గొట్టం ముందు నిలబడి ఒక ఫ్రెంచి జానపద గీతం అందుకున్నాడు. గొట్టం చివర పల్చటి పొర ఉంది, పొరకు సన్నటి కుచ్చు అతికించి ఉంది, కుచ్చుకు ఎదురుగా మసి పట్టించిన కాగితం చుట్టిన డోలు తిరుగుతోంది. పాటకు పొర అదిరింది, కుచ్చు కదిలింది, మసి మీద వంకర గీత పడింది.

ఆ గీతను తిరిగి పాడించాలన్న ఆలోచన స్కాట్‌కు లేనే లేదు. శబ్దాన్ని కంటితో చూడటమే ఆయనకు కావలసింది. ఎడిసన్ ఫోనోగ్రాఫు రావడానికి అప్పటికి ఇంకా 17 ఏళ్ళుంది. కాగితం మాత్రం భద్రంగా ఉండిపోయింది. 2008లో అమెరికా పరిశోధకులు దాన్ని స్కానర్‌తో ఫొటో తీసి, గీతలోని ఒంపులను కంప్యూటర్‌తో శబ్దంగా మార్చారు. పది సెకన్ల పాటు ఆడపిల్ల గొంతు లాంటిది వినిపించింది. స్కాట్ కూతురేమో అనుకున్నారు. మరుసటి ఏడాదికల్లా లెక్క తిరగబడింది. పాట గీత పక్కనే స్కాట్ ఒక శ్రుతిదండం కంపనాలను కూడా గీయించాడు. దాన్ని మొదట సెకనుకు 500 కంపనాలుగా చదివారు. ఆయన కాలపు ఫ్రెంచివాళ్ళు అటు ఒకటి, ఇటు ఒకటిగా అర కంపనాలను లెక్కపెట్టేవారు కాబట్టి, మన లెక్కలో అది 250 మాత్రమే. వేగాన్ని సగానికి తగ్గిస్తే ఆడపిల్ల మాయమై, నిదానంగా రాగం తీస్తున్న మగవాడు వినిపించాడు. బహుశా స్కాటే.

పాత పాటలను దాచేవాళ్ళందరూ ఈ కథను గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం. దాచడమంటే చాలామందికి ప్లేట్లను అట్టపెట్టెలో సర్ది అటక మీద పెట్టడం. ఇంకా కాస్త ఓపికున్నవాళ్ళకు కంప్యూటర్‌లోకి ఎక్కించి పదిమందికీ పంపడం. ఈ రెంటి మధ్యా ఒక ప్రశ్న జారిపోతోంది. ఆ ప్లేటును అసలు ఎంత వేగంతో తిప్పాలి, ఏ ముల్లుతో ఆడించాలి? అది తెలియకపోతే మన దగ్గర మిగిలేది ఆ మనిషి గొంతు కాదు, ఆ గొంతును పోలిన మరేదో.

గ్రామఫోను ప్లేటు అంటే ముందుగా లక్క. చార్మినార్ పక్కన లాడ్ బజార్లో గాజులు చేసే లక్కే. మోదుగ, రేగు, పూసుగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు రసం పీల్చి, ఒంటి చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ గూళ్ళను గీకి, కరిగించి, వడకడితే వచ్చేది షెల్లాక్. ప్రపంచానికి లక్క సరఫరా చేసింది ఎక్కువగా మన దేశమే, ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవులు. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధనకు ప్రత్యేకంగా సంస్థ పెట్టారంటే ఆ వ్యాపారం ఏ స్థాయిదో ఊహించవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క దొరక్క పాశ్చాత్య దేశాల్లో పాత ప్లేట్లు వెనక్కి ఇస్తేనే కొత్తవి అమ్మే పరిస్థితి వచ్చింది. తెలుగువారి పద్యాలు, హరికథలు, హాస్య ప్రహసనాలు ఎక్కువగా మద్రాసులో రికార్డయ్యేవి. హెచ్‌ఎంవి కంపెనీ వాళ్ళవి కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయి, రైలెక్కి మళ్ళీ మన ఊళ్ళకు వచ్చేవి.

ప్లేటులో లక్క నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మిగిలినదంతా రాతిపొడి, నలుపు కోసం మసి, పట్టు కోసం కాస్త నూలు పీచు. రాతిపొడి కలిపింది చవకకోసమే కాదు. ఉక్కు ముల్లును అరగదీయడానికి కూడా. కొత్త ముల్లు మొన గాడిలో సరిగ్గా కూర్చోదు. మొదటి కొన్ని చుట్లలో రాతిపొడి దాన్ని సానబట్టి గాడి ఆకారానికి తెస్తుంది, ఆ తరవాత పాట మొదలవుతుంది. అలా సానబట్టిన ముల్లు ఆ ఒక్క వైపుకే పనికొస్తుంది. రెండోసారి వాడితే దాని అరిగిన అంచులు ఉలిలా గాడిని చెక్కుతాయి. ముల్లు మీద వంద గ్రాములకు పైగా బరువు కూర్చుని ఉంటుంది మరి. డబ్బాల మీద ‘ఒక్కసారే వాడండి’ అని రాసేవారు. మనవాళ్ళు విన్నారా? ముల్లు నల్లబడేదాకా వాడారు. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో మోగిన పద్యాల ప్లేట్లు ఇవాళ బూడిదరంగుకు తిరిగి, గరగర తప్ప ఏమీ పలకవంటే కారణం కాలమొక్కటే కాదు, ఆ పొదుపు కూడా.

భూతద్దం కింద పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మంచి ప్లేటు మీద దీపం వెలుతురు ఏటవాలుగా పడితే గాడి గోడలు రెండూ మెరుస్తాయి. సరుగుడు కర్రలా తిన్నగా పోతున్న గాడి ఒక్కచోట అకస్మాత్తుగా అలలు అలలుగా ఊగుతుంది. అక్కడ గాయకుడు గొంతెత్తాడన్నమాట. అరిగిన ప్లేటులో సరిగ్గా అలాంటి ఎత్తైన అలల దగ్గరే గోడ నలిగి బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది. పద్యం చివర రాగం తీసే చోటు చెవితో కంటే ముందు కంటితోనే దొరుకుతుంది.

గోడలు పూర్తిగా పోలేదంటే ఆశ ఉన్నట్టే. 78 ప్లేటు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటు, గాడి వెడల్పు దాదాపు 150 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుకకు రెట్టింపు. పాత ఉక్కు ముల్లు గోడను ఒక ఎత్తులోనే అరగదీసింది. దానికంటే కాస్త సన్నటి మొనగానీ, కాస్త లావుగానీ వేస్తే అరగని ఎత్తులో గోడను తాకుతుంది. పాత రికార్డుల మీద పనిచేసేవాళ్ళు అందుకే నాలుగైదు సైజుల వజ్రపు మొనలు దగ్గర పెట్టుకుంటారు. 78కి మామూలు మొన వ్యాసార్ధం 75 మైక్రాన్లు, తరవాత వచ్చిన వినైల్ ఎల్పీకి 18 నుంచి 25. ఎల్పీ ముల్లుతో 78 ప్లేటును ఆడిస్తే అది గోడలను వదిలి గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది. ఆన్‌లైన్‌లో కొనే చవక సూట్‌కేసు ప్లేయర్లలో జరిగేది ఎక్కువగా ఇదే. పెట్టె మీద 78, 45, 33 అని మూడు వేగాలూ రాసి ఉంటాయి, ముల్లు మాత్రం ఒకటే.

ఇక వేగం సంగతి. 78 అన్న అంకె పుట్టుకతో వచ్చింది కాదు. తొలి రోజుల్లో ఒక్కో కంపెనీ, ఒక్కో రికార్డింగు బృందం తమకు తోచిన వేగంతో కోసింది. 74 ఉంది, 80 ఉంది, అంతకంటే అటూ ఇటూ కూడా ఉన్నాయి. తరవాత 78 దగ్గర స్థిరపడ్డారు, అది కూడా కచ్చితంగా 78 కాదు. సెకనుకు 50 సార్లు ఊగే మన కరెంటు దీపం 100 సార్లు మినుకుతుంది. ప్లేయరు మీద 77 గీతలున్న అట్టబిళ్ళ పెట్టి ఆ దీపం కింద తిప్పితే, వేగం నిమిషానికి 77.92 చుట్లు అయినప్పుడు గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది కాబట్టి అక్కడ 92 గీతలతో 78.26 వస్తుంది. ఈ చిట్కాకు ఈమధ్య ఒక చిక్కు వచ్చిపడింది. ఇంట్లో బల్బులన్నీ ఎల్‌ఈడీలు అయిపోయాయి. వాటిలో కొన్ని కరెంటుతో పాటు అలా మినుకవు. గీతలు నిలబడటం చూడాలంటే పాత ట్యూబ్‌లైటో, చిన్న నియాన్ దీపమో దాచుకోవాలి. పాటల యంత్రాలు మారడం వల్ల రికార్డుకు చేటు అనుకుంటాం గానీ, ఇంటి దీపాలు మారినా చేటే.

74తో కోసిన ప్లేటును 78తో ఆడిస్తే ఏమవుతుంది? వేగం నూటికి ఐదున్నర పాళ్ళు పెరుగుతుంది. స్వరాలన్నీ ఆ మేరకు పైకి జరుగుతాయి, అంటే దాదాపు అర శ్రుతి. నాలుగు శ్రుతిలో పాడినవాడు నాలుగున్నరలో పాడినట్టు వినిపిస్తాడు. రాగం చెడదు, ఎందుకంటే స్వరాల మధ్య దూరాలు అవే నిష్పత్తిలో ఉంటాయి. అందుకే శ్రోత పట్టుకోలేడు. చెడేది గొంతు. మనిషి గొంతుకు దాని గుర్తింపు ఇచ్చేవి గొంతుగొట్టం, నోరు కలిసి పుట్టించే అనునాదాలు. ఒక మనిషి శ్రుతి పెంచి పాడినా తగ్గించి పాడినా ఆ అనునాదాలు పెద్దగా కదలవు, ఎందుకంటే నోరు, గొంతు పొడవు అవే కదా. ప్లేటును వేగంగా తిప్పితే అవి కూడా పైకి పోతాయి. అంటే గాయకుడి గొంతుగొట్టాన్నే కుదించినట్టు. గంభీరమైన గొంతు కీచుబారుతుంది, గమకాలు వణుకులా మారతాయి.

తెలుగువారికి ఇది మరీ పట్టించుకోవలసిన విషయం. మన తొలి తరం ప్లేట్లలో చాలా భాగం నాటకాలవే, ఆ నాటకాల్లో ఆడవేషాలు వేసి పాడినవాళ్ళలో మగవాళ్ళు ఎందరో. స్థానం నరసింహారావు 1902లో పుట్టారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామగా ఆయన పాడిన పాట ప్లేటుగా వచ్చి ఊరూరా మోగింది. ఆ గొంతులో ఆడతనం ఎంత, నటన ఎంత, గొంతును ఎక్కడ సన్నబరిచారు, ఎక్కడ మామూలుగా వదిలారు అన్నది తెలుగు నాటక చరిత్రలో చిన్న ప్రశ్నేమీ కాదు. దానికి సాక్ష్యం ఆ ప్లేటే. ప్లేటును నూటికి నాలుగైదు పాళ్ళు ఎక్కువ వేగంతో ఆడించి, అదే నెట్‌లో పెట్టి, అదే విని ‘అచ్చం ఆడగొంతే’ అని మెచ్చుకుంటే, స్కాట్ గీతలో కూతురిని విన్నవాళ్ళకూ మనకూ తేడా ఏముంది? ఆ నటుడి ప్రతిభలో కొంత భాగాన్ని మనం మోటారుకు కట్టబెడుతున్నామేమో కూడా తెలియదు.

వేగాన్ని నిర్ధారించే దారులున్నాయి, ఏదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు. పద్యాల వెనక హార్మోనియం మోగుతుంటుంది. దాని రీడ్ల శ్రుతి గాయకుడి గొంతులా రోజుకో తీరుగా ఉండదు. ఒకే బృందం అదే సమయంలో రికార్డు చేసిన నాలుగైదు ప్లేట్లు దొరికితే, అన్నిట్లోనూ హార్మోనియం ఒకే చోట పలికేలా వేగాన్ని సర్దవచ్చు. గాయకుడు మామూలుగా ఏ శ్రుతిలో పాడేవాడో తెలిసిన పెద్దలుంటే అదొక ఆధారం. 1925 తరవాత మైకుతో చేసిన రికార్డుల్లో ఒక్కోసారి కరెంటు రొద సన్నగా వినిపిస్తుంది, దాన్ని కొలవవచ్చు. ఇవన్నీ కలిపి చూసి, ‘ఈ ప్లేటును 76తో ఆడించాను, ఫలానా కారణంతో’ అని రాసిపెట్టాలి. ఆ కాగితం లేని కాపీ నా దృష్టిలో సగం కాపీయే.

1948 జూన్‌లో అమెరికా కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీ తెచ్చింది. మరుసటి ఏడే ఆర్‌సీఏ 45ను తెచ్చింది. లక్క, రాతిపొడి పోయి వినైల్ వచ్చింది. రాతిపొడి లేదు కనక గరగర తగ్గింది, గాడిని సన్నగా కోయగలిగారు, ఒక్కో వైపు మూడు నిమిషాలున్న పాట 20 నిమిషాలు దాటింది. మన దగ్గర మాత్రం లక్క ప్లేటు వెంటనే పోలేదు. కరెంటు లేని ఊళ్ళలో కీ ఇచ్చి తిప్పే పెట్టెలే దిక్కు కాబట్టి, 1960ల నడిమి దాకా హెచ్‌ఎంవి 78లు అచ్చువేస్తూనే ఉంది. ఆ లెక్కలో బీటిల్స్ పాటలు కూడా లక్క మీద అచ్చయ్యాయి. ఇంగ్లండులో అప్పటికే 78 మూలపడింది కనక బీటిల్స్ 78 కావాలంటే ఎక్కువగా ఇండియాలో అచ్చయినదే వెతకాలి. పాశ్చాత్య సేకర్తలు వాటికోసం పెట్టే ధర చూస్తే జుమ్మేరాత్ బజార్లో పాత సామాను అమ్మేవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతారు.

ఎల్పీ గొప్పదే కానీ దాని జ్యామితిలోనే ఒక లోపం ఉంది. ప్లేటు తిరిగే చుట్ల సంఖ్య మారదు, చుట్టు పొడవు మాత్రం లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. చివరి పాట దగ్గర 21 సెంటీమీటర్లే. సెకనుకు పదివేల కంపనాలున్న శబ్దం, అంటే ‘స’, ‘ష’ల బుసలాంటిది, మొదటి పాటలో 51 మైక్రాన్ల అలగా పరుచుకుంటే, చివరి పాటలో 21 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. 18 మైక్రాన్ల వ్యాసార్ధం ఉన్న మొన ఆ మలుపులు తిరగలేదు. చివరి పాటలో ‘శ్రీ’ అంటే ‘ఛ్రీ’ అన్నట్టు చీదడం అందుకే. తెలిసిన ఇంజనీర్లు గట్టి వాయిద్యాలున్న పాటలు ముందు పెట్టి, మెల్లటివి చివరకు తోసేవారు. ఎల్పీలో పాటల వరస సినిమా కథ ప్రకారం ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మరో సంగతి. మంద్ర స్వరాలను ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ మరీ ఊగి పక్క గాడిలోకి పోతుంది. అందుకని కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గిస్తారు, తారాన్ని పెంచుతారు. ఆడించేటప్పుడు యాంప్లిఫయరు దాన్ని తిరగేస్తుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కను 1954లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఖాయం చేసింది, దాని పేరుతోనే ఆర్‌ఐఏఏ వక్రరేఖ అంటారు. అంతకుముందు కంపెనీకో లెక్క. ఇవాళ్టి యాంప్లిఫయరులో పాత 78ను ఆడిస్తే అది తన లెక్కే ప్రయోగిస్తుంది. కోసేటప్పుడు పెంచని తారాన్ని కూడా తగ్గించేస్తుంది. గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తే ప్లేటును తిట్టుకుంటాం.

ఫిలిప్స్ కంపెనీ 1963లో క్యాసెట్ తెచ్చింది, 1982లో సీడీ వచ్చింది, ఆపైన ఎంపీ3, ఆపైన ఫోను. ఒక్కో మెట్టు దిగినప్పుడు ఏ పాటలు మనతో వచ్చాయి, ఏవి వెనకే ఉండిపోయాయి? ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన పాడిన భగవద్గీత ఎల్పీగా ఆ ఏడే వెలువడింది. అది క్యాసెట్లోకి వచ్చింది, సీడీలోకి వచ్చింది, ఇప్పుడు శవయాత్ర వాహనం మైకులో మెమరీ కార్డు మీంచి మోగుతోంది. పాపం, అలా మోగీ మోగీ మామూలు రోజున ఇంట్లో పెట్టుకోవాలంటే జనం జంకే దశకు వచ్చింది. అమ్ముడుపోయేదాన్ని కంపెనీలు ఎలాగూ మోసుకొస్తాయి. అమ్ముడుపోని వాటిని మోసేది మనుషులే. రాజేశ్వరరావు, బాలసరస్వతీదేవి స్వాతంత్ర్యానికి ముందు పాడిన లలిత గీతాలు ఇవాళ వినగలుగుతున్నామంటే ప్లేట్లు దాచినవాళ్ళ పుణ్యం చాలా ఉంది. ‘మా తెలుగు తల్లికి’ పాటను శంకరంబాడి సుందరాచారి 1942లో ఒక సినిమా కోసం రాశారు. సినిమాలో దానికి చోటు దక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి దాన్ని విడిగా ప్లేటుగా పాడకపోతే ఎక్కడుండేదో.

ఈ మోతబరువును ఒంటరిగా ఎత్తుకున్నవాళ్ళలో చెన్నైలోని వి.ఎ.కె. రంగారావు పేరు ముందు చెప్పుకోవాలి. బొబ్బిలి రాజవంశానికి చెందిన ఆయన యాభై వేలకు పైగా రికార్డులు పోగుచేశారు. వాటిలో సింహభాగం 78లే, ఆ సేకరణ లిమ్కా బుక్కులోకి ఎక్కింది. నాకు ఆయనలో నచ్చింది సంఖ్య కాదు. తెలుగు, తమిళం, హిందీ, శాస్త్రీయం, హాస్యం అన్న తేడా లేకుండా పోగుచేయడం, ఏ ప్లేటుకు ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరు వాయించారు అని వివరం పట్టి చెప్పడం. ఎందుకంటే 78 లేబుల్ మీద మామూలుగా సంవత్సరం ఉండదు. ఉండేది ఒక నంబరు. హెచ్‌ఎంవిలో ‘ఎన్’ వరస, కొలంబియాలో ‘జి.ఇ.’ వరస. లేబుల్‌కూ పాటకూ మధ్య నున్నటి జాగాలో మరో నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని మ్యాట్రిక్స్ నంబరు అంటారు. లేబుల్ నంబరు అమ్మకానిది, ఇది రికార్డింగుది. వేల ప్లేట్లు చూసినవాడికి ఈ రెండు నంబర్లతో ఏడాది కాకపోయినా ఆ చుట్టుపక్కల కాలం దొరుకుతుంది. ఫోన్లో ఫొటో తీసేవాళ్ళు లేబుల్ వరకే తీసి ఊరుకుంటారు. ఆ నున్నటి అంచును కూడా తీయండి.

బొల్లారం లాంటి చోట ప్లేట్లు దాచడమంటే వేడితో బేరం. పాత కంటోన్మెంటు బంగళాల ఎత్తైన పెంకుల కప్పు కింద మే నెలలో కూడా గది కాస్త నెమ్మదిగా ఉండేది. ఇప్పటి అపార్టుమెంటు పై అంతస్తులో, స్లాబ్ కిందున్న అటక మీద సంగతి వేరు. వినైల్ రికార్డు 60, 70 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. బయట 42 ఉన్న రోజున అద్దాలు మూసిన కారు లోపల ఆ వేడి రావడం అసాధ్యమేమీ కాదు. ఆదివారం బజార్లో ఎల్పీలు కొని, కారు వెనక సీట్లో పెట్టి, దారిలో భోజనానికి ఆగారంటే వాటి పని అయిపోయినట్టే. కాస్త తక్కువ వేడిలో కూడా ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటే బరువుకు వంగుతాయి. నిలువుగా పెట్టాలి, ఒరగనివ్వకూడదు, అలా అని బిగించకూడదు. మీటరు పొడవున్న అరలో అట్టలతో సహా 250 ఎల్పీలు పడతాయి, వాటి బరువు 60 కిలోలు ఉంటుంది. పుస్తకాల కోసం చేయించిన పల్చటి చెక్క అర నడుము వంచేస్తుంది.

కడగడంలో లక్కకూ వినైల్‌కూ ఒకే పద్ధతి పనికిరాదు. వినైల్‌ను తుడిచే ద్రావణాల్లో చాలావాటిలో ఆల్కహాలు ఉంటుంది. లక్క ఆల్కహాలులో కరిగిపోతుంది. వడ్రంగి పాలిష్ చేసేది స్పిరిట్‌లో కరిగించిన లక్కతోనే కదా. చేతులకు రాసుకునే శానిటైజరుతో 78ని తుడిస్తే గాడి మీద నిజంగానే పాలిష్ వేసినట్టే. దానికి నీళ్ళే మేలు, అదీ బోరు నీళ్ళు కాదు. మా వైపు బోరు నీళ్ళు ఆరితే గ్లాసు మీద తెల్లటి మరక మిగులుతుంది, ఆ సున్నం గాడిలో కూడా మిగులుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ కొంటే చాలు. అందులో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి, మెత్తటి కుచ్చును గాడి వెంట నడపాలి, అడ్డంగా కాదు. లేబుల్ తడవకుండా ఒక చెయ్యి కాపలా ఉండాలి. పాత లేబుళ్ళ సిరా నీటికి నిలవదు, లేబుల్ పోతే ప్లేటు పేరు పోయినట్టే. మళ్ళీ ఒట్టి డిస్టిల్డ్ నీటితో కడిగి, నీడలో నిలువుగా ఆరబెట్టాలి. నానబెట్టకూడదు. పగులు ఉన్న ప్లేటులోకి నీరు దిగితే లోపలి నూలు పీచు ఉబ్బుతుంది. అన్నీ అయ్యాక పాత కాగితపు కవరులోకి తిరిగి తోయకండి. అందులోనే కదా దుమ్ము, బూజు ఉన్నాయి. పాలిథీన్ లోపలి కవరు మంచిది. మెరిసే పీవీసీ కవర్లు వేడికి వినైల్‌ను అంటుకుని మచ్చలు పెడతాయి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం చెప్పే కనీస ప్రమాణం సెకనుకు 48 వేల నమూనాలు, 24 బిట్లు. 96 వేలు అయితే మేలంటారు. ఆ లెక్కన స్టీరియోలో గంటకు రెండు జీబీ పైచిలుకు పడుతుంది, మూడు నిమిషాల ప్లేటు వైపుకు వంద ఎంబీ. ఇవాళ్టి హార్డు డిస్కులకు అదేం లెక్కలోది కాదు. 78 మోనోయే కదా, స్టీరియో ఎందుకంటారా? గాడికి గోడలు రెండు. ఒక గోడ బాగా అరిగి రెండోది బాగుండవచ్చు. రెంటినీ విడిగా పట్టుకుంటే తరవాత మంచిదాన్ని ఎంచుకోవచ్చు. రెంటినీ కలిపితే ముల్లు పైకీ కిందికీ ఎగిరిన చప్పుడు చాలావరకు రద్దయిపోతుంది. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిని చూసి ఆశపడకూడదు. అవి గరగరతో పాటు హార్మోనియం తిత్తి ఊపిరిని, ‘స’కార ‘ష’కారాలను కూడా ఊడ్చేస్తాయి. మొదటి కాపీని ముట్టుకోకుండా పక్కన పెట్టి, శుభ్రం చేసేది మరో కాపీ మీద చేసుకోవాలి. ఎంపీ3 అయితే అసలుకే మోసం. ఆ పద్ధతి ఉన్న బిట్లను పాటకూ గరగరకూ పంచుతుంది, గరగరకు ఎంత పెట్టినా చాలదు, పాటకు కోత పడుతుంది.

మన చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు వెలువడిన ఏడాది తరవాత 60 ఏళ్ళు ఉంటుంది. రచయితకూ సంగీత కర్తకూ ఉండే హక్కు వేరు, అది వాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళు. ఇంట్లో దాచుకోవడానికి ఈ లెక్క అడ్డుకాదు గానీ నలుగురిలో పెట్టేముందు చూసుకోవాలి.

పగిలిన ప్లేటు దొరికితే పారేయవద్దు. ముక్కలను జిగురుతో అతికించవద్దు. ఒక్కో ముక్కకు అట్ట దన్ను పెట్టి విడిగా ఉంచాలి. అమెరికా బర్కిలీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్, విటాలీ ఫడెయెవ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు 2003లో గాడిని ముల్లుతో కాక కాంతితో చదివే పద్ధతి చూపించారు. గాడి ఫొటోలు తీసి, ఒంపులను కొలిచి, శబ్దంగా మారుస్తారు. ముక్కలైనా, ముల్లు భరించలేనంత మెత్తబడినా చదవవచ్చు. స్కాట్ మసికాగితం పలికింది ఆ ప్రయోగశాల సాయంతోనే. మన దగ్గర అది అందుబాటులోకి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో గానీ ముక్కలు అప్పటిదాకా ఉండాలి కదా.

చేతిలో ప్లేట్లు వందల్లో ఉండి ఓపిక కొద్దిగా ఉన్నవాళ్ళు సాధారణంగా ఇష్టమైన సినిమా ఎల్పీలతో మొదలుపెడతారు. అది తలకిందుల వరస. ఎల్పీలు వేలల్లో అచ్చయ్యాయి, మీ కాపీ పోయినా మరొకరి దగ్గర ఉంటుంది, వినైల్ గట్టిది కూడా. ముందు చూడవలసినవి స్టూడియోల్లో, రేడియో స్టేషన్లలో అక్కడికక్కడే కోసిన లాకర్ డిస్కులు. అవి ఒక్కోటి ఒకే కాపీ. అల్యూమినియం పళ్ళెం మీద నైట్రోసెల్యులోజ్ పొర పూసి, దాని మీద నేరుగా పాటను కోసేవారు. చూడటానికి మామూలు ప్లేటులా నల్లగానే ఉంటాయి. నడిమి బెజ్జం అంచులో లోహం మెరుస్తుంది, లేబుల్ దగ్గర అదనంగా చిన్న బెజ్జాలు ఉండవచ్చు, పేరు అచ్చులో కాక చేతిరాతలో ఉంటుంది. పొరను మెత్తగా ఉంచడానికి కలిపిన ఆముదం నూనె కాలం గడిచేకొద్దీ విడిపోయి పైకి తెల్లటి జిడ్డులా తేలుతుంది, పొర కుంచించుకుపోయి బీటలు వారుతుంది. కొందరు ఆ తెలుపును బూజు అనుకుని గట్టిగా తోముతారు, దాంతో పొర పెచ్చులుగా ఊడుతుంది. అలాంటిది కనిపిస్తే ఒకసారి వేసి చూద్దామన్న ఉబలాటం ఆపుకుని, ముల్లు వాల్చేలోపే రికార్డింగు సిద్ధం చేసుకోండి. కొన్నిటికి ఆ ఒక్కసారే మిగిలి ఉంటుంది.